హద్దు మీద నిలబడిన కారణం

64వ ఏడు, ఐదో నెల, 11

ఈ రోజు పొద్దున్నే నా చేతిలోని నీళ్ల డబ్బా ఉన్నట్టుండి తేలికైపోయింది.

నిండు డబ్బా. చుక్క కూడా ఒలకలేదు. అడుగుపేట నుంచి మేడపేట బడికి వెళ్లే పిల్లలు తలా ఒక డబ్బా నీళ్లు మోసుకెళ్లాలి. మంచుగని మా పేటలో ఉంది, బడి వాళ్ల పేటలో ఉంది, అందుకని ఆ నియమం. వాలునడవ ఎక్కి హద్దు దగ్గరికి చేరాను. ఎప్పటిలాగే మోకాళ్లు బిగించి, ఒళ్లు వెనక్కి వాల్చి హద్దడుగు వేయబోతున్నాను. మా పేట పిల్లలకి మాటలకంటే ముందు ఈ అడుగు నేర్పుతారు. నేల కింది యంత్రాల వల్ల మా నేల గట్టిగా లాగుతుంది. వాళ్ల నేల మెల్లగా లాగుతుంది. హద్దు దాటిన కాలు గాల్లోకి లేస్తుంది, దాటని కాలు అక్కడే అతుక్కుని ఉంటుంది. ఆ రెండు కాళ్ల మధ్య ఉన్న మనిషి ఏమవుతాడో రోజూ చూస్తూనే ఉంటాం.

ఇవాళ వరసలో నాకంటే ముందు దాలమ్మ మామ్మ ఉంది. ఆయాసం వచ్చి సరిగ్గా హద్దు పలక మీదే నిలబడిపోయింది. చేతి వెడల్పు తెల్ల పలక అది. అడుగుపేట వాళ్లు దాన్ని దాటవచ్చు గాని దాని మీద నిలవకూడదు. కాపలా మనిషి గొలుసు లాగాడు. గంట మోగింది. అప్పుడే నా డబ్బా తేలికైంది. వాళ్ల నేల, మా నేల రెండూ ఒకేలా మెల్లగా లాగసాగాయి. నడవ అంతా ఒకే బరువు.

నిలబడినవాళ్ల మీద చేయి వేసే ముందు కాపలా మనిషి మూడు అడగాలి: పేరు, పేట, నిలబడిన కారణం. మూడింటికీ జవాబు పూర్తిగా వినాలి. వినకుండా చేయి వేస్తే అతని ఉద్యోగం పోతుంది.

"పేరు?" అన్నాడు.

"ఏటీ?" అంది మామ్మ.

"పేరమ్మా, పేరు!"

"గట్టిగా అడుగు బావూ, నా సెవులు పన్చెయ్యవు."

"నీ పేరేంటీ!"

"నా పేరా? ఏ పేరు సెప్పమంటావు? మా అయ్య ఎట్టిందా, మా అత్త ఎట్టిందా?"

వరసంతా నవ్వింది. అతను అడుగుతున్నంతసేపూ మేము దాటుతూనే ఉన్నాం. ఒక్కరూ తూలలేదు. బుట్టలవాళ్లు దాటారు, చంటిపిల్లలవాళ్లు దాటారు. మామ్మ కారణం చెప్పడం అయిపోయింది ("ఆయాసం బావూ, ఇంకేటుంటాది"), ఆమెను రెక్క పట్టుకుని పక్కకి లాగారు, గంట ఆగింది. నా వెనకాల వస్తున్న రొట్టెల మనిషి ఆ క్షణానే హద్దు మీద కాలు వేశాడు. పళ్లు రాలాయి.

సాయంత్రం మైకులో రెండు పేర్లు చదివారు. దాలమ్మకి నిలుపు నేరం: ఏడాది పాటు మేడపేటలో అడుగు పెట్టకూడదు. రొట్టెల మనిషికి తూలుడు నేరం: నెల పాటు నడవ తుడవాలి.

తూలుడు. ఈ మాటని పదిసార్లు రాసి చూశాను. మనిషి పడిపోవడానికి ఇంత ముద్దైన పేరు పెట్టి దాన్ని నేరం చేసినవాడు ఎవడో గాని వాడికి భాష బాగా వచ్చు. వాడంటే నాకు అసహ్యం.

ఇంట్లో కూడా హద్దు గోలే. నా తోడబుట్టిన అప్ప తరళకి నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉంది, కోసి తీయాలి. పురుడు పోసే ఆసుపత్రి మేడపేటలోనే ఉంది. పదిహేనో తారీఖు పొద్దున తీసుకురమ్మని కబురు వచ్చింది.

"నడిసెల్తే తూలుద్ది. మోసుకెల్తే జారుద్ది. ఎగరడానికి దీనికి రెక్కలున్నాయా?" అంది అమ్మ, నాచురొట్టె పెనం మీద బాదుతూ.

"రెక్కలెందుకే అమ్మా, అద్దు కాడికెల్తే సగం ఎగిరినట్టే గదా," అంది అప్ప. నవ్వింది గాని చేయి పొట్ట మీద నుంచి తీయలేదు.

పోయిన నెల మా పేట కన్నమ్మని పురిటికి డోలీ మీద తీసుకెళ్లారు. ముందు మోసేవాడు హద్దు దాటగానే అతని వైపు తేలికై పైకి లేచింది. వెనక మోసేవాడు బరువులోనే ఉన్నాడు. డోలీ నిలువుగా లేచి కన్నమ్మ జారి నేల మీద పడింది. కన్నమ్మ బతికింది. బిడ్డ బతకలేదు. ఆ సాయంత్రం మోసినవాళ్లిద్దరి పేర్లూ మైకులో చదివారు.

12

బళ్లో నల్లబల్ల మీద, పైకప్పుకి కాస్త కింద, ఒక రేకు కొట్టి ఉంటుంది. "ఏ పేటలోనూ కుదుపు లేదు. కాబట్టి ఊళ్లో కుదుపు లేదు." కింద రెండు పేటల తూనికల అధికారుల ముద్రలు. ఏటా వాళ్లు నడవలో తమ తమ భాగం కాటా పట్టుకుని నడిచి, దానికి వేలాడే రాయి బరువు ఎక్కడా ఉన్నట్టుండి మారలేదని చూసి ముద్ర వేస్తారు. ఆ రేకుని ఆరేళ్లుగా చూస్తున్నాను. ఇవాళే చదివాను.

ఎందుకంటే ఇవాళ పాఠం అవిచ్ఛిన్న ప్రమేయాలు.

అవిచ్ఛిన్నం! నోట్లో పెట్టుకుంటే కరగని మాట. ఎక్కడా తెగనిది. భాస్వతి టీచరు చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు రాసుకుంటున్నాను. ఒక్కో చోటుకి ఒక్కో విలువ ఇచ్చేది ప్రమేయం. చోటు కొంచెమే జరిగితే విలువ కూడా కొంచెమే మారాలి. విలువ మార్పు ఎంత కొంచెంలో ఉండాలన్నా, చోటుని తగినంత తక్కువ జరిపి ఆ కొంచెంలోనే ఉంచగలగాలి. అలా ప్రతి చోటా కుదిరితే ప్రమేయం అవిచ్ఛిన్నం.

నేను దీనికి ఒక ఉదాహరణ, దానికో రుజువు పేజీన్నర రాశాను. టీచరు రెండు వేళ్లతో కాగితం ఎత్తి చూపించింది.

"మేదినీ, ఈ రుజువుకి తోక పెరిగింది. కోతికి కూడా ఇంత తోక ఉండదు."

మాలో ఎవరమూ కోతిని చూడలేదు. అయినా అందరూ నవ్వారు. భాస్వతి టీచరు మేడపేట మనిషి. అడుగుపేట పిల్లల మీద ఆమెకి జాలి లేదు, మేడపేట పిల్లల మీదా లేదు. అంతవరకు న్యాయమే.

తర్వాత ఆమె బల్ల మీద ఒక అడ్డగీత గీసి, మధ్యలో చుక్క పెట్టింది. చుక్కకి ఎడమ వైపు ప్రతి చోటా విలువ ఐదు. చుక్క దగ్గర, దానికి కుడి వైపు, విలువ రెండు.

"ఎడమ భాగానికే దీన్ని పరిమితం చెయ్యండి. మిగతాది లేదనుకోండి. ఎక్కడైనా తెగిందా?"

"లేదు."

"కుడి భాగానికే పరిమితం చెయ్యండి, చుక్కతో సహా."

"తెగలేదు."

"రెండూ కలపండి."

చుక్క దగ్గర తెగింది. చిన్నపిల్లలకి కూడా కనబడుతుంది. ఎడమ వైపు నుంచి చుక్కకి ఎంత దగ్గరగా వచ్చినా ఐదే, చుక్క మీద రెండు. కాని ఎడమ భాగాన్ని అడిగితే "నాలో ఎక్కడా తెగలేదు" అంటుంది. నిజమే, చుక్క దానిలో లేదు కదా.

నాకు చెవులు వేడెక్కాయి. లేచి నిలబడి రేకు వైపు చూపించాను. "మరి అదేమిటి టీచర్? అడుగుపేటకి పరిమితం చేస్తే కుదుపు లేదు. మేడపేటకి పరిమితం చేస్తే కుదుపు లేదు. 'కాబట్టి' అన్న మాట అక్కడ ఎలా వచ్చింది?"

నిర్ఝరి వెనక్కి తిరిగింది. మేడపేట తూనికల అధికారి కామేశం గారి కూతురు. "మీవాళ్లకి నడవడం రాకపోతే ఆ రేకేం చేస్తుంది? హద్దు దగ్గర కప్పల్లా వెనక్కి వాలిపోయి..."

"నువ్వు మా నేల మీద నాలుగడుగులు వేసి చూపించు, అప్పుడు కప్పల సంగతి మాట్లాడదాం."

"మీ నేల మీద నాకేం పని? నీళ్లు మీరే తెస్తారుగా."

"గోల ఆపండి," అంది టీచరు. రేకు వైపు కాసేపు చూసింది. ముప్పై ఏళ్లుగా ఆమె వీపు వెనకే ఉంది అది. "రేకు తప్పని నేననలేదు. ఒప్పనీ అనలేదు. భాగాలు బాగుంటే మొత్తం బాగుండడం ఎప్పుడు నిజమవుతుందో రాసుకురా. అరపేజీ. మించితే చింపేస్తాను."

13

ఇవాళ బడికి సెలవు. మా పేట తూనికల అధికారి సింహాద్రి దగ్గరికి వెళ్లాను. ఆయన అబద్ధం ఆడాడని రుజువు చేద్దామనుకున్నాను. ఉన్న సంగతి రాస్తున్నాను, అదే నా ఉద్దేశం.

"కాటా, రాయి ఓ పూట ఇయ్యి బావూ."

"ఏటే, నా రాయి నీకెందుకు? కూరగాయలు తూస్తావేటి?"

"నడవ తూస్తాను."

సింహాద్రి ముఖం ఎర్రబడింది. "అంటే నాను దొంగ ముద్దరేసినానంటావు. మీ అప్ప నొప్పులు పడతాదని ఊరోళ్లందరి మీదా పడి ఏడుస్తావేటి? ఇదిగో రాయి. తూసుకో. ఎక్కడైనా ముల్లు గెంతితే నా మీసం తీసి నీ సేతిలో ఎడతాను."

ఆయనకి మీసం చాలా పెద్దది. ఆశపడ్డాను.

నడవ మొదట్లో, గని ద్వారం దగ్గర, కాటా ముల్లు పన్నెండు మీద ఉంది. ఒక్కో అడుగూ వేస్తూ, ఆగుతూ, ముల్లు నిలకడయ్యేదాకా చూస్తూ ఎక్కాను. ముల్లు మెల్లగా దిగుతూ వచ్చింది. పది. తొమ్మిదిన్నర. అనుమానం వచ్చిన చోట వెనక్కి వెళ్లి సగం అడుగు, పావు అడుగు వేసి చూశాను. వేలెడు దూరానికి కూడా చూశాను. ఎక్కడా గెంతలేదు. హద్దు పలకకి వెంట్రుక వాసి ఇవతల చేయి చాపి రాయి వేలాడదీస్తే ఎనిమిది. అంతకంటే ముందుకి చాపబోతే కాపలా మనిషి గొలుసు మీద చేయి వేశాడు.

"రాయి కూడా నిలబడకూడదా?" అన్నాను.

"రాయికి పేట లేదా? దాని పేట అడగమంటావా?" అన్నాడు. కాపలావాళ్లలో ఇతనికి కాస్త నోరుంది.

రాయి తిరిగి ఇచ్చేశాను. సింహాద్రి నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

"ఏదీ, మంగలిని పిలవమంటావా?"

"నీ ముద్దర నిజమే బావూ."

"మరి?"

"మరి కన్నమ్మ ఎందుకు పడింది?"

ఆయన మీసం దువ్వడం ఆపాడు. "ఆళ్ల నేల లాగుడు దించేసుకున్నారే. నా సిన్నప్పటి మాట. తేలిగ్గా ఉంటే సుకం గదా. ఆళ్ల పేటంతా మెల్లగా, నున్నగా దించుకున్నారు. ఆళ్లలోన కుదుపు నేదు. నాను ఏటనగలను? నాది అద్దు దాకానే."

"నువ్వూ దించొచ్చుగా, హద్దు దగ్గరికొచ్చేసరికి."

"నడవ కింద మంచుముద్ద గొట్టం ఉంది. నేల లాగకపోతే ముద్ద దిగదు. దిగకపోతే రెండు పేటలకీ నీల్లుండవు. సదువుకున్నావు, అదీ నానే సెప్పాలేటి?" రాయిని గుడ్డలో చుట్టుకున్నాడు. "నువ్వు సరిగ్గానే తూసినావు గాని ఇంకెక్కడా ఈ మాట అనకు. మా పేటలో కుదుపుందని ఎవడైనా రాస్తే మొదట పోయేది నా ముద్దర."

"మన పేటలో లేదు. వాళ్ల పేటలోనూ లేదు."

"అదే గదా నా బాద!" అని అరిచాడు. ఎవరి మీద అరుస్తున్నాడో ఆయనకే తెలియదు.

ఇంటికి వచ్చి కూర్చున్నాను. దొంగని వెతుక్కుంటూ వెళితే ఎక్కడా దొంగ లేడు. రెండు ముద్రలూ నిజమే. ఇంతకంటే కోపం తెప్పించే సంగతి నాకు ఇంతవరకు తెలియదు.

అరపేజీ రాశాను. నాలుగుసార్లు కొట్టేసి రాశాను:

"రెండు భాగాలూ తమ అంచుని తమలోనే ఉంచుకుని, ఆ అంచు దగ్గర రెండూ ఒకే విలువ చెబితే, ఒక్కో భాగంలో అవిచ్ఛిన్నమైనది మొత్తం మీద కూడా అవిచ్ఛిన్నమే. అంచు ఒకరిదే అయితే, రెండోవాళ్లు దాని దగ్గరికి వస్తూనే ఉంటారు గాని దాని గురించి ఏమీ చెప్పలేరు. అందుకే అంచు ఉమ్మడిగా ఉండాలి."

ఉమ్మడి అన్న మాట అమ్మనడిగి రాశాను. పాత లోకంలో పొలానికీ పొలానికీ మధ్య మట్టి గట్టు ఉండేదట. దాని మీద ఇద్దరూ నడిచేవారట, ఇద్దరూ కొట్టుకునేవారట. అమ్మ కూడా పొలం చూడలేదు. "కొట్టుకున్నా గట్టు ఇద్దరిదీనే," అంది.

14

పొద్దున బడి మెట్ల దగ్గరే నిర్ఝరి కాచుకుని ఉంది.

"నిన్న నువ్వు మీ నడవంతా కాటా పట్టుకుని పాకావట. మా నాన్న కాటాతో నేనూ తూచాను. మా వైపంతా. హద్దు పలక మీద కూడా నిలబడి తూచాను, అది మాదే కాబట్టి. ఐదు. అక్కణ్నుంచి పైకి మెల్లగా మూడు దాకా. ఎక్కడా గెంతలేదు. ఏడువు."

"హద్దు మీద ఐదా? నువ్వే చూశావా?"

"కళ్లు లేవనుకున్నావా?"

"థాంక్స్," అన్నాను. అది తిట్టనుకుని ఇంకా మండిపడింది. అక్కడ ఐదు, వెంట్రుక వాసి ఇవతల ఎనిమిది. నాకు కావలసిన రెండో అంకె నా శత్రువే తెచ్చి ఇచ్చింది, అదీ ఖచ్చితంగా తూచి.

టీచరు నా అరపేజీ చదివింది. చింపలేదు. "సరే," అంది. ఆరేళ్లలో నాకు దొరికిన పెద్ద పొగడ్త ఇదే.

బడి అయ్యాక తూనికల కచేరీకి వెళ్లాను. కామేశం గారు మంచివాడిలా కనిపిస్తారు. కుర్చీ చూపించారు. మేడపేట కుర్చీలో కూర్చుంటే లేచిపోతామేమోనని భయం వేస్తుంది, అంచు మీద కూర్చున్నాను.

"మీ రాయి మీ వైపు ఎనిమిది. మా రాయి మా వైపు ఐదు. ఎవరి రాయి వాళ్లది. ఇందులో గొడవేముందమ్మా?"

"హద్దు మీద మా రాయిని కూడా వేలాడదీయనివ్వండి. ఒకే చోటికి రెండు బరువులు రాయడం కుదరదు కదా. అప్పుడు రెండు పేటలూ సర్దుకోక తప్పదు."

"హద్దు మా పేటది."

"నడిచేది అందరమూ అండి."

"నడవండి. ఎవరు వద్దన్నారు? నిలబడవద్దన్నాం."

అప్ప సంగతి చెప్పాను. రేపు పొద్దున ఒక్క పావుగంట నేల లాగుడు పెంచి, హద్దు దగ్గర ఎనిమిది చేయమని అడిగాను. బతిమాలాననే రాయాలి. ఆయన విచారంగా తల ఊపారు.

"మా పేటలో మోకాళ్ల నొప్పులవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసా? ఒకరికని పెంచితే రోజూ ఒకరు వస్తారు. డోలీ మోసేవాళ్లని జాగ్రత్తగా ఉండమను. జాగ్రత్త ఉంటే ఎవరూ తూలరు. రేకు మీద ఏముందో చదివావుగా?"

"చదివాను. 'కాబట్టి' తప్పు."

"వెళ్లిరా తల్లీ," అన్నారు. నిజంగా తల్లీ అన్నారు. ఆ మాటని అంత చల్లగా అనవచ్చని నాకు తెలియదు.

దిగి వస్తూ హద్దు దగ్గర ఆగాను, పలకకి రెండడుగుల పైన. నిన్నటి కాపలా మనిషే ఉన్నాడు.

"ఒకటి అడుగుతాను. గొలుసు లాగితే రెండు నేలలూ ఒకటైపోతాయి కదా, అలా ఎందుకు పెట్టారు?"

అతను పళ్లికిలించాడు. "నిలబడినవాళ్లని పట్టుకోవాలంటే మేం హద్దు మీదకి పరిగెత్తాలి. మేం తూలితే? సాయంత్రం మా పేర్లే మైకులో చదవాలి!"

"కుదుపే లేని చోట మీరెందుకు తూలుతారు?"

నవ్వు ఆగింది. రేకు అతనూ చిన్నప్పుడు చదివే ఉంటాడు.

"పో, పో. వరస ఆపకు," అన్నాడు.

కుదుపు ఉందని వాళ్లకి తెలుసు. పట్టుకునేవాళ్ల కోసం నేలని సమం చేసే యంత్రం కట్టారు, పడిపోయేవాళ్ల కోసం రేకు కొట్టారు. నడవ దిగుతూ ఈ వాక్యాన్ని పదేపదే అనుకున్నాను. పేట మొదట్లో రొట్టెల మనిషి కనిపించాడు, చీపురుతో, ముందు పళ్లు లేకుండా.

అక్కడే ఉపాయం తట్టింది. తట్టిందనడం కూడా ఎక్కువ. దాలమ్మ మామ్మ దాన్ని మొన్ననే అందరి ముందూ చేసి చూపించింది. హద్దు మీద మా పేట మనిషి నిలబడి ఉన్నంతసేపూ ఊరు అవిచ్ఛిన్నంగా ఉంటుంది.

వెనక్కి తిరిగి మళ్లీ నడవ ఎక్కాను. ఇవాళ రెండోసారి పైకి హద్దడుగు వేశాను. భాస్వతి టీచరు బడి తాళం వేస్తోంది.

"టీచర్, అడుగుపేట మనిషి హద్దు మీద నిలబడితే ఏడాది పాటు ఈ పేటకి రాకూడదు కదా?"

తాళం చేతిలోనే ఉంచుకుని నన్ను చూసింది. నేను చెప్పనిది కూడా ఆమెకి అర్థమైంది.

"రాకూడదు. ఏడాది బడి మానినవాళ్లకి తర్వాత సీటు ఇవ్వరు."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా?"

"ఊఁ."

నన్ను ఆపుతుందనుకున్నాను. ఆపితే ఆగిపోతానేమోనన్న భయమూ ఉంది. నాకు ఈ బడి ఇష్టం. ఆ నల్లబల్ల ఇష్టం. కొత్త మాట దొరికిన రోజు డబ్బా బరువు కూడా తెలియదు నాకు.

"కారణం అడుగుతారు," అంది టీచరు. "పూర్తిగా వినాలి వాళ్లు. నియమం."

"అవును."

"మరి అరపేజీ చెప్పి ఊరుకోకు." తాళం వేసింది. "ఏ మెట్టూ వదలొద్దు. చోటంటే ఏమిటో, విలువంటే ఏమిటో అక్కణ్నుంచి మొదలుపెట్టు. ఉదాహరణలు ఇయ్యి. ఎవరైనా అడ్డు తగిలితే మళ్లీ మొదటికి రా. తోక ఎంత పొడుగైనా ఫర్వాలేదు."

మెట్లు దిగుతూ, నా వైపు చూడకుండా అంది: "హద్దు దాకా నేను రావచ్చు. అది నా పేటదే. అక్కడ నిలబడి పాఠం చెప్పకూడదని ఏ రేకు మీదా రాయలేదు."

నిర్ఝరి గోడ పక్క నుంచి అంతా విన్నది. "రేపు నిన్ను రెక్క పట్టుకుని లాగుతుంటే చూడ్డానికి వస్తా," అంది.

"రా. కాటా కూడా తెచ్చుకో. నేను నిలబడి ఉండగా హద్దుకి రెండు వైపులా తూచు. ఎక్కడైనా గెంతితే అందరి ముందూ చెప్పు."

"చెప్తాను. గెంతకపోయినా చెప్తాను, నాకేం భయం?" అని విసురుగా వెళ్లిపోయింది. అది బెదిరింపో మరేమిటో ఆమెకే తెలియాలి.

ఇంటికి వచ్చి అమ్మకి చెప్పాను. అప్పకి చెప్పలేదు. అమ్మ చేతిలో ఉన్న గిన్నె నేలకేసి కొట్టింది.

"సదువు పోద్దే! ఆరేల్లు నీల్లు మోసి సదివినావు!"

"తెలుసమ్మా."

"ఆ కామేశంగాడి నేల కూలిపోనూ! ఆడి మోకాళ్లు ఇరిగిపోనూ!" అని తిట్టి, తిట్టి, ఏడవకుండా, వెళ్లి డోలీ తాళ్లు విప్పి మళ్లీ బిగించడం మొదలుపెట్టింది. మూడో ముడి దగ్గర ఆగి అడిగింది: "ఎంతసేపు నిలబడగలవు?"

"వాళ్లు వినేంతసేపు."

"నీ మాటలు ఎవుడు ఆపగలిగాడులే," అంది.

రేపు ఉదయం మొదటి సైరనుకి డోలీ మా వీధి దాటుతుంది. నేను అంతకంటే ముందే బయలుదేరతాను. నీళ్ల డబ్బా తీసుకెళ్లను, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. డోలీ హద్దుకి పది అడుగుల దూరంలోకి రాగానే పలక మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడతాను. గొలుసు లాగుతారు. నేలలు రెండూ ఒకటవుతాయి. పేరు అడిగితే మేదిని అంటాను. పేట అడిగితే అడుగుపేట అంటాను. నిలబడిన కారణం అడుగుతారు.

మొదటి నుంచి చెబుతాను.